కోట ప్రభుత్వానిది, నడిపేది ఇంకొకరు: లెక్కలు రాబట్టే పద్ధతి

2018 ఏప్రిల్‌లో ఢిల్లీ ఎర్రకోటతోపాటు మన కడప జిల్లా గండికోటను కూడా దాల్మియా భారత్ సంస్థ ‘దత్తత’ తీసుకుందని వార్త వచ్చింది. కొన్నాళ్లు పెద్ద రభస జరిగింది. కోటల్ని అమ్మేశారని ఒక వర్గం, కనీసం మరుగుదొడ్లయినా బాగుపడతాయని ఇంకో వర్గం. ఒప్పందం సందర్శకుల సౌకర్యాలకే పరిమితమనీ, కట్టడాన్ని ఎవరికీ అప్పగించలేదనీ కేంద్ర పర్యాటక శాఖ వివరణ ఇచ్చుకుంది. ఇంత గోలలోనూ ఆ ఒప్పందం కాగితాన్ని తెప్పించుకుని చదివినవాళ్లు చాలా తక్కువ.

ఈ వ్యాసం ఆ కాగితాన్ని, దాని వెనకాల ఉండే మిగతా కాగితాలను సమాచార హక్కు చట్టం కింద రాబట్టడం గురించి. కోట, గుడి, బావి, గడీ, పాత బంగళా ఏదైనా సరే, ఆస్తి ప్రభుత్వానిదైతే దాని లెక్క చెప్పాల్సిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే. నిర్వహణ ట్రస్టుకో కంపెనీకో ఇచ్చినంత మాత్రాన ఆ బాధ్యత చేతులు మారదు. అందుకే నడిపేవాళ్ల ఆఫీసు చుట్టూ తిరగడం కంటే యజమానిని అడగడం మేలు. కింద చెప్పినవన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి.

మొదటి అడుగు: ఆస్తి ఎవరిదో తేల్చుకోండి

చాలా దరఖాస్తులు ఇక్కడే తప్పిపోతాయి. ‘పురావస్తు శాఖ’ అని మనం ఒకే మాటలో అనేస్తాం కానీ, ఆ పేరుతో రెండు వేర్వేరు ప్రభుత్వాల శాఖలున్నాయి. కట్టడం దగ్గరుండే బోర్డు చదివితే సగం పని అయిపోతుంది. ‘జాతీయ ప్రాముఖ్యం గల కట్టడం’ అనీ, 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం అనీ రాసి ఉంటే అది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, అంటే ఏఎస్ఐ పరిధిలోది. గోల్కొండ, చార్మినార్, రామప్ప, వేయిస్తంభాల గుడి, లేపాక్షి ఈ కోవలోకి వస్తాయి. బోర్డు మీద 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమో, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టమో కనిపిస్తే రాష్ట్ర శాఖను అడగాలి. కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర శాఖవే. అక్కడ పరిరక్షణ పనులు చేసింది ఆగా ఖాన్ ట్రస్టు. 2013లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ పనులు దశాబ్దానికి పైగా సాగాయి.

బోర్డే లేని చారిత్రక భవనాలు ఇంకా ఎక్కువ. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ నడిచింది. ఇలాంటిచోట పురావస్తు శాఖకు రాస్తే ‘మా పరిధి కాదు’ అని వెనక్కి వస్తుంది. భవనం ఏ శాఖ స్వాధీనంలో ఉందో ఆ శాఖకే రాయాలి.

పూజలు జరిగే పాత గుళ్ల దగ్గర చిక్కు ఇంకాస్త ఎక్కువ. కట్టడం ఏఎస్ఐది, హుండీ దేవాదాయ శాఖది, పార్కింగ్ పంచాయతీది, గుట్ట కింద హోటల్ పర్యాటక సంస్థది అయ్యే అవకాశం ఉంది. నలుగురి సంగతీ ఒకే దరఖాస్తులో కలిపితే ఒక్కరూ సరిగ్గా జవాబివ్వరు. విడివిడిగా రాయండి.

చారిత్రకమైన ప్రతిదీ ప్రభుత్వానిది కాదని కూడా గుర్తుంచుకోవాలి. హైదరాబాద్‌లోని చౌమహల్లా, ఫలక్‌నుమా నిజాం కుటుంబానివి. వాటి టికెట్ లెక్కలు అడిగే హక్కు మనకు లేదు.

రెండో అడుగు: నడిపే సంస్థ చట్టం కిందికి వస్తుందా?

2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉన్న సమాచార హక్కు చట్టం ‘పబ్లిక్ అథారిటీ’ల మీద బాధ్యత పెడుతుంది. ప్రభుత్వ శాఖలు, చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలు ఎలాగూ అందులో ఉంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియం పార్లమెంటు చట్టంతో నడిచే సంస్థ కాబట్టి దాని విషయంలో వాదన అక్కర్లేదు. వాదన వచ్చేదల్లా ట్రస్టులు, సొసైటీల దగ్గరే.

సెక్షన్ 2(హెచ్) ప్రకారం ప్రభుత్వ యాజమాన్యంలోనో అదుపులోనో ఉన్న సంస్థలు, ప్రభుత్వ సొమ్ము గణనీయంగా అందే సంస్థలు, స్వచ్ఛంద సంస్థలతో సహా, ఈ చట్టం కిందికి వస్తాయి. ‘గణనీయం’ అంటే ఎంత? తలప్పాలం సహకార బ్యాంకు కేసులో 2013లో సుప్రీంకోర్టు గట్టిగానే గీత గీసింది. ఏదో కాస్త సబ్సిడీ అందినంత మాత్రాన సరిపోదు, ఆ డబ్బు లేకపోతే సంస్థ నడవడమే కష్టమయ్యేంత ఉండాలంది. 2019లో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో మన పనికొచ్చే మాట ఇంకొకటి చెప్పింది. నగరంలో స్థలాన్ని ఉచితంగానో భారీ రాయితీతోనో ఇస్తే, అది కూడా గణనీయమైన ఆర్థిక సాయం కిందికి రావచ్చు. నామమాత్రపు అద్దెకు పాత ప్యాలెస్ పొంది నడుపుతున్న సంస్థ విషయంలో ఈ తీర్పును ధైర్యంగా ప్రస్తావించవచ్చు.

అయితే నా సలహా, ఈ వాదనతో మొదలుపెట్టవద్దు. సమాచార కమిషన్ దాకా వెళ్లి తేలేసరికి ఏళ్లు పట్టవచ్చు. దగ్గరి దారి ఒకటుంది. సెక్షన్ 2(ఎఫ్) ‘సమాచారం’ అంటే ఏమిటో చెబుతూ, ప్రైవేటు సంస్థకు సంబంధించినదైనా సరే, ఏదైనా చట్టం కింద ప్రభుత్వ సంస్థ తెప్పించుకోగలిగే సమాచారం అందులోకి వస్తుందంటుంది. సొసైటీల రిజిస్ట్రార్‌కు సమర్పించిన పత్రాలు ఇలా దొరుకుతాయి. ఇక ఒప్పందం కింద కంపెనీ తన నివేదికలను శాఖకు పంపుతుంటే అవి శాఖ ఫైల్లోనే ఉంటాయి, నేరుగా అడగవచ్చు.

మూడో అడుగు: అడక్కముందే బయట ఉండాల్సినవి చూడండి

దరఖాస్తు రాసే ముందు ఒక సాయంత్రం వెబ్‌సైట్ల మీద పెట్టండి. సెక్షన్ 4(1)(బి) కింద ప్రతి పబ్లిక్ అథారిటీ 17 రకాల వివరాలు తనంతట తానే ప్రచురించి, ఏటా తాజాపరచాలి. వాటిలో మన పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. పదకొండోది బడ్జెట్, ఖర్చు, చెల్లింపుల నివేదికలు. పదమూడోది రాయితీలు, పర్మిట్లు, అనుమతులు పొందినవారి వివరాలు. ఈ పదమూడో అంశాన్ని ఎందుకో ఎవరూ పట్టించుకోరు. కేంద్ర రక్షిత కట్టడంలో సభ, విందు, వినోద కార్యక్రమం పెట్టుకోవాలన్నా, సినిమా తీయాలన్నా 1959 నాటి నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి ఉండాలి. ఆ అనుమతులు ఎవరెవరికి ఇచ్చారో శాఖే బయటపెట్టాలి. ఎవరి పెళ్లి రిసెప్షన్ కోసమో కోట గేటు మూసేశారని ఊళ్లో గుసగుసలు వినబడితే, మీరు వెతకాల్సింది ఈ జాబితానే.

దీనికి తోడు కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ 2013 ఏప్రిల్ 15న స్వచ్ఛంద వెల్లడిపై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యాల భాగం మన విషయానికి అచ్చంగా సరిపోతుంది. ఒప్పందాలు, సమగ్ర ప్రాజెక్టు నివేదికలు, నిర్వహణ మాన్యువళ్లు, ప్రైవేటు పార్టీని ఎంపిక చేసిన విధానం, ప్రభుత్వ అనుమతితో వసూలు చేసే రుసుములు, ఎప్పటికప్పుడు జరిపిన చెల్లింపులు, వాటి ఉద్దేశం ఇవన్నీ ఒప్పందం చేసుకున్న ప్రభుత్వ సంస్థే బహిరంగంగా పెట్టాలని అందులో ఉంది. టెండరు ఎవరికి, ఏ రేటుకు ఇచ్చారో కూడా పెట్టాలి. ఈ వెల్లడి సరిగా ఉందో లేదో బయటివాళ్లతో ఏటా ఆడిట్ చేయించాలి. 2023 ఆగస్టులో కిషన్ చంద్ జైన్ కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 4 అమలును, ఈ ఆడిట్లను నిరంతరం పర్యవేక్షించాలని కేంద్ర, రాష్ట్ర సమాచార కమిషన్లను ఆదేశించింది.

వెబ్‌సైట్లో ఏది ఉంది, ఏది లేదు, చివరిసారి ఎప్పుడు మార్చారు అన్నది రాసిపెట్టుకోండి. స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచుకోండి. తర్వాత అప్పీలులో అక్కరకొస్తుంది.

ఒక్క రూపాయి దరఖాస్తు ఫీజు లేకుండా దొరికేవి ఇంకా ఉన్నాయి. కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) డబ్బు పెట్టి ఉంటే, కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ కూడా ఉంది కాబట్టి, ఆ వివరం కంపెనీ వార్షిక నివేదికలో కనిపిస్తుంది. 1996లో ఏర్పడిన జాతీయ సాంస్కృతిక నిధి ద్వారా విరాళం వచ్చి ఉంటే, ఆ నిధి లెక్కలను కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, ఆడిట్ చేస్తుంది. లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నోత్తరాల్లో ఊరి పేరు, కట్టడం పేరు కొట్టి చూడండి. మీరు అడగాలనుకున్నది ఎవరో ఎంపీ ఇదివరకే అడిగి, మంత్రి అంకెలతో సహా జవాబిచ్చి ఉండొచ్చు. కాగ్ నివేదికలనైతే అస్సలు వదలొద్దు. 2013 నివేదిక కోసం కాగ్ బృందాలు ఏఎస్ఐతో కలిసి 1,655 కట్టడాలను స్వయంగా చూసివస్తే, వాటిలో 92 అసలు కనబడనే లేదు! రికార్డుల్లో ఉన్నాయి, నేల మీద లేవు. మీ జిల్లా జాబితాను కూడా అదే అనుమానంతో చూడటంలో తప్పు లేదు.

నాలుగో అడుగు: దరఖాస్తు రాయడం

అసలు పని ఇదే. ఇక్కడ తొందర పనికిరాదు.

ఆవేశంలో రాసే దరఖాస్తు ఇలా ఉంటుంది: ‘కోట గోడ రెండేళ్లకే ఎందుకు కూలింది? నాసిరకం పని చేసిన కాంట్రాక్టర్ మీద ఎందుకు చర్య తీసుకోలేదు? బాధ్యులెవరు?’ ఇవి న్యాయమైన ప్రశ్నలే, కానీ జవాబు రాదు. ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారం. అధికారి కొత్తగా వివరణలు తయారుచేయనక్కర్లేదని సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ‘ఎందుకు’ అని అడిగితే ‘ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు’ అనే ఒక్క లైను జవాబుతో ఫైలు మూసేస్తారు.

కాబట్టి ప్రశ్నను కాగితంగా మార్చాలి. గోడ ఎందుకు కూలిందో తెలియాలంటే ఏ కాగితాల్లో ఆ జాడ ఉంటుందో ఆలోచించండి. టెండరు పనైతే అంచనా, టెండరు ఒప్పందం, వర్క్ ఆర్డరు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లులు ఉంటాయి. ఏఎస్ఐ చాలా పనులు కాంట్రాక్టర్ లేకుండా తానే కూలీలను పెట్టి చేయిస్తుంది. అలాంటప్పుడు మస్టర్ రోలు (కూలీల హాజరు పట్టిక), సరుకు కొన్న బిల్లులు, స్టాకు రిజిస్టరు ఉంటాయి. పాత గోడ పనికి ముందు, మధ్యలో, తర్వాత తీసిన ఫొటోలు కూడా ఫైల్లో ఉండాలి. ఈ పేర్లు పెట్టి అడిగితే అధికారికి మీరు పని తెలిసినవారని అర్థమవుతుంది, తప్పించుకునే సందు తగ్గుతుంది.

ప్రైవేటు సంస్థ నడుపుతున్న కట్టడానికి నేనైతే ఇలా రాస్తాను:

‘సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఫలానా కట్టడానికి సంబంధించి ఈ కింది పత్రాల ధ్రువీకృత నకళ్లు ఇవ్వగలరు.

1. ఈ కట్టడం నిర్వహణ, సందర్శకుల సౌకర్యాల కోసం ఏ సంస్థతోనైనా కుదుర్చుకున్న ఒప్పందం, దాని అనుబంధాలు, తర్వాతి సవరణలు, పొడిగింపు ఉత్తర్వులు.

2. ఆ సంస్థను ఎంపిక చేసిన ఫైలులోని నోట్ షీట్లు, ఎంపిక కమిటీ సమావేశాల మినిట్స్.

3. ఒప్పందం ప్రకారం ఆ సంస్థ మీ కార్యాలయానికి సమర్పించిన నివేదికలు, ఖర్చు వివరాలు, 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ దరఖాస్తు తేదీ వరకు.

4. ఇదే కాలంలో ప్రాంగణంలో కార్యక్రమాలకు, చిత్రీకరణకు ఇచ్చిన అనుమతి ఉత్తర్వులు, వసూలు చేసిన రుసుము రసీదులు.

5. ఇదే కాలంలో మీ అధికారులు జరిపిన తనిఖీల నివేదికలు, సంస్థకు జారీచేసిన నోటీసులు, వాటికి వచ్చిన జవాబులు.

పై పత్రాలు వెబ్‌సైట్లో ఉన్నట్లయితే వాటి లింకు తెలిపితే చాలు. ఏదైనా భాగం ఇవ్వరానిదైతే సెక్షన్ 10 ప్రకారం ఆ భాగం తీసేసి మిగిలినది ఇవ్వగలరు.’

ఒప్పందంలో అనుబంధాలు అని ప్రత్యేకంగా రాయడం మరిచిపోవద్దు. అసలు ఒప్పందం నాలుగు పేజీల మర్యాద మాటలతో ముగుస్తుంది. ఏ స్థలం, ఏ పని, ఎంత గడువు, ఎవరి ఖర్చు, వసూలైన డబ్బు ఏ ఖాతాలోకి అన్నవన్నీ అనుబంధాల్లోనే ఉంటాయి. మూడో అంశంలోలాగా ప్రతిసారీ తేదీలు రాయండి. ‘మొదటినుంచీ ఇప్పటిదాకా’ అని రాస్తే, సెక్షన్ 7(9) చూపించి ‘ఇంత సమాచారం సేకరించాలంటే మా సిబ్బంది సమయమంతా పోతుంది’ అంటారు.

టికెట్ డబ్బు గురించి ఒక మాట. గోల్కొండ టికెట్ వసూలును గోల్కొండకే ఖర్చుపెడతారని చాలామంది అనుకుంటారు. ఏఎస్ఐ టికెట్ డబ్బు కేంద్ర ప్రభుత్వ సంఘటిత నిధికి జమవుతుంది. ఖర్చు వేరే బడ్జెట్ నుంచి వస్తుంది. అందుకే ‘వసూలైన దానిలో ఎంత ఖర్చు పెట్టారు’ అని ముడిపెట్టి అడిగితే సూటిగా జవాబు రాదు. ఏటేటా టికెట్ వసూలు ఒక అంశంగా, అదే కట్టడానికి వార్షిక పరిరక్షణ కార్యక్రమం కింద మంజూరైనది, ఖర్చయినది మరో అంశంగా అడగండి. పోలిక మీరే వేసుకోవచ్చు.

కారణం చెప్పక్కర్లేదు. సెక్షన్ 6(2) ప్రకారం సమాచారం ఎందుకని అధికారి అడగకూడదు. మీరూ ఉత్సాహంగా మూడు పేజీల ఉపోద్ఘాతం రాయొద్దు. కేంద్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు మామూలుగా 500 పదాలు మించకూడదు. తెలుగులోనే రాయండి, ఆ ప్రాంతపు అధికార భాషలో రాసే హక్కు చట్టమే ఇచ్చింది.

ఐదో అడుగు: ఫీజు, పంపడం

ఏఎస్ఐకైతే 10 రూపాయలు, ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో కట్టేయొచ్చు. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే చాలు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. పోస్టులో పంపితే రసీదు, అందినట్టు రుజువు దాచండి. గడువు లెక్క అక్కడినుంచే మొదలు: 30 రోజులు. మీ దరఖాస్తు వేరే శాఖకు సంబంధించినదైతే 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి. నకళ్ల ఖర్చు కట్టమని ఉత్తరం వస్తే, ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు కట్టే దాకా గడువు ఆగిపోతుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి డబ్బు తీసుకోకూడదు.

ఆరో అడుగు: వెళ్లి చూడండి

ఎందుకోగానీ మన దగ్గర సమాచార హక్కు అంటే ఉత్తరాలు రాయడమే అనుకుంటారు. సెక్షన్ 2(జె) ఇంతకంటే చాలా ఇచ్చింది. పనులను, పత్రాలను, రికార్డులను స్వయంగా చూడొచ్చు, నోట్సు రాసుకోవచ్చు, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనాలు కూడా తీసుకోవచ్చు. చారిత్రక కట్టడాల విషయంలో నమూనా హక్కుకు ఉన్న విలువ ఇంకెక్కడా ఉండదు. పాత సున్నపు కట్టడానికి సిమెంటు పూస్తే గోడలోని తేమ బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది, లవణాలు పేరుకుని రాయి, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతాయి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర గత శతాబ్దంలో పూసిన సిమెంటును పెళ్లగించి మళ్లీ సున్నం పూయడం పెద్ద పనే అయింది. మీ ఊరి బురుజు మరమ్మతు అంచనాలో ‘సున్నపు గచ్చు’ అని రాసి, గోడ మీద మాత్రం బూడిదరంగు పూత కనిపిస్తుంటే, వాదన పెట్టుకోకండి. ‘ఫలానా పనిలో వాడిన గచ్చు ధ్రువీకృత నమూనా’ అని ఒక అంశం చేర్చండి. మీరే గోకి తీసుకోవద్దు, రక్షిత కట్టడాన్ని గీకడం నేరం.

ఫైళ్ల తనిఖీకి కేంద్ర సంస్థల్లో మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు. వందల పేజీలకు డబ్బు కట్టే బదులు ముందు చూసి, కావాల్సిన పేజీలకే జెండా కాగితాలు అంటించి నకళ్లు అడగడం తెలివైన పని.

ఎం-బుక్ చూసే పద్ధతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ప్రతి పనికి ఎదురుగా కొలిచిన తేదీ, సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, మొత్తం పరిమాణం ఉంటాయి. చివర కొలిచినవారి సంతకం, పై అధికారి సరిచూసిన సంతకం. మొదట తేదీలు చూడండి. బిల్లు పాస్ చేసిన తేదీ కొలత తేదీ కంటే ముందుంటే అక్కడ ఆగాల్సిందే. తర్వాత అంచనాలోని పరిమాణాలతో పోల్చండి. అంచనాలో ఎంత ఉందో కొలతలోనూ పైసా తేడా లేకుండా అంతే ఉంటే అనుమానించాలి, ఎందుకంటే పాత గోడ విప్పాక లోపల ఏముందో ముందుగా ఎవరికీ తెలియదు, తేడా రావడమే సహజం. ఆ తర్వాత టేపు పట్టుకుని కట్టడం దగ్గరికి వెళ్లి, బయటికి కనిపించే ఒకటి రెండు కొలతలు సరిచూసుకోండి.

ఏడో అడుగు: ‘ఇవ్వం’ అన్నప్పుడు

ప్రైవేటు సంస్థ ప్రమేయం ఉన్నచోట మొదట వినిపించేది సెక్షన్ 8(1)(డి), వాణిజ్య రహస్యం. వెల్లడిస్తే పోటీలో ఆ సంస్థకు నష్టం జరుగుతుందని చూపాలి. ఊరికే ఆ మాట అంటే చాలదు. ఒప్పందం కుదిరిపోయాక, అందులో పోటీ ముగిసిపోయాక, ప్రభుత్వ ఆస్తి మీద ఎవరికి ఏ హక్కులిచ్చారన్నది రహస్యమెలా అవుతుంది? పైగా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే సెక్షన్ చెబుతోంది, 2013 మార్గదర్శకాలైతే ఈ ఒప్పందాలను అడక్కుండానే పెట్టమన్నాయి. అప్పీలులో ఈ రెండూ కలిపి రాయండి.

తర్వాతిది ‘మూడో పక్షం ఒప్పుకోలేదు’. సెక్షన్ 11 ప్రకారం మూడో పక్షం గోప్యంగా ఇచ్చిన సమాచారమైతే అధికారి వారికి 5 రోజుల్లో నోటీసివ్వాలి, వారు 10 రోజుల్లో అభ్యంతరం చెప్పొచ్చు. మొత్తం 40 రోజుల్లో నిర్ణయం రావాలి. నిర్ణయం మాత్రం అధికారిదే. కంపెనీ వద్దన్నది కాబట్టి ఇవ్వం అంటే అది నిర్ణయం కాదు, కంపెనీ మాటను పోస్టులో మనకు పంపడం!

విచారణ నడుస్తోందని చెప్పి ఆపేస్తే, వెల్లడి వల్ల ఆ విచారణకు ఎలా ఆటంకమో చూపమనండి. కేవలం విచారణ ఉండటం కారణం కాదని 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

వ్యక్తిగత సమాచారం మినహాయింపు ఇప్పుడు ఇదివరకటికంటే గట్టిపడింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 8(1)(జె)ను మార్చి, అందులో ఉన్న షరతులను తీసేసింది. సెక్షన్ 8(2) కింద ప్రజాప్రయోజనం వాదన ఇంకా మిగిలే ఉంది. అయినా మస్టర్ రోలు లాంటివి అడిగేటప్పుడు ‘కూలీల పేర్లు, ఖాతా నంబర్లు తీసేసి’ అని మీరే రాస్తే ఆ గొడవే రాదు.

కొన్ని అడగకపోవడమే మంచిది. పురావస్తువులు దాచిన గదులు, కాపలా డ్యూటీల పట్టిక, సీసీ కెమెరాల స్థానాలు బయటికొస్తే లాభపడేది విగ్రహాల దొంగలే.

ఎనిమిదో అడుగు: అప్పీళ్లు

జవాబు నచ్చకపోయినా, 30 రోజుల్లో రాకపోయినా, మరో 30 రోజుల్లోగా అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు. ఆయన 30 రోజుల్లో, కారణం రాస్తే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఏఎస్ఐ అయితే కేంద్ర కమిషన్, రాష్ట్ర శాఖలైతే రాష్ట్ర కమిషన్. తిరస్కరణ సరైనదని నిరూపించాల్సిన భారం అధికారి మీదే ఉంటుంది. తప్పు తేలితే రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 వరకు జరిమానా.

సెక్షన్ 18 కింద నేరుగా ఫిర్యాదు చేసే దారీ ఉంది కానీ, దానితో జరిమానా పడొచ్చేమో గానీ సమాచారం చేతికి రాదు. మణిపూర్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టం చేసింది. కాగితం కావాలంటే సెక్షన్ 19 అప్పీలే వేయండి.

రెండో అప్పీలులో చాలామంది వదిలేసే కోరిక ఒకటుంది. సెక్షన్ 19(8)(ఎ) కింద కమిషన్ ఫలానా సమాచారాన్ని ప్రచురించమని సంస్థను ఆదేశించగలదు. మీ ఒక్కరికి నకలు ఇప్పించమని అడగడంతో ఆగకుండా, ‘ఈ ఒప్పందాన్ని, ఏటా వచ్చే నివేదికలను వెబ్‌సైట్లో ఉంచేలా ఆదేశించగలరు’ అని కూడా రాయండి. దాచుకున్న స్క్రీన్‌షాట్లు జతచేయాల్సింది ఇక్కడే. కమిషన్ల దగ్గర పెండింగ్ ఎక్కువ కాబట్టి ఓపిక తప్పదు. ఆదేశం వస్తే మాత్రం మీ తర్వాత అడగాల్సినవాళ్లకు దరఖాస్తు పనే ఉండదు.

మీరే అటువైపు ఉంటే

ట్రస్టులోనో శాఖలోనో కూర్చుని కట్టడం నడిపేవారు కూడా ఇది చదువుతుండవచ్చు. దరఖాస్తులతో టెన్షన్ పడే కార్యాలయాలన్నీ దాదాపు ముందుగా ఏమీ పెట్టనివే. ఒప్పందాన్ని అనుబంధాలతో సహా స్కాన్ చేసి పెట్టండి. మూడు నెలలకోసారి వసూళ్లు, ఖర్చులు, విరాళాలు ఒక పట్టికలో. స్థలాన్ని కార్యక్రమాలకు ఇచ్చే రేట్లు, ఇచ్చినవారి జాబితా, ఆ రోజు సామాన్య సందర్శకులను ఎక్కడిదాకా రానిచ్చారన్న వివరం. ఏదైనా భాగం మూసేస్తే ఎవరి ఉత్తర్వుతో, ఎప్పటిదాకా, ఎందుకని. ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాల వివరాలు ప్రకటించాలన్నదీ, కారణాలు చెప్పాలన్నదీ సెక్షన్ 4లోనే ఉన్నాయి. ఇవన్నీ తెలుగులో ఉండాలి, స్థానిక భాష సంగతి 4(4)లో రాసే ఉంది. ఇంగ్లిష్ పీడీఎఫ్ ఒకటి పడేసి చేతులు దులుపుకుంటే, దాన్ని వివరించమని మళ్లీ దరఖాస్తే వస్తుంది.

టికెట్ కౌంటర్ పక్కన బోర్డు మీద కనీసం నాలుగు వివరాలు రాయించండి: యజమాని శాఖ, నిర్వహణ సంస్థ, ఒప్పందం ముగిసే తేదీ, సమాచార అధికారి హోదాతోపాటు చిరునామా. ఇక వెబ్‌సైట్లో కొత్త ఏడాది అంకెలు పెట్టేటప్పుడు పాతవి తీసేయకండి. అన్నీ ఒకే పేజీలో, ఏ రోజున మార్చారో తేదీతో ఉంచండి.